గుర్రాలాయన గొంతు

పోయిన నెల ఏలూరులో నా పాత సహోద్యోగి ఒకరు కన్నుమూశారు. సమాధుల దగ్గర నుంచి తిరిగి వచ్చాక వాళ్ళింటి అరుగు మీద కాసేపు కూర్చున్నాను. బ్యాంకులో పనిచేసే ఆయన మనవడు నాకు టీ తెచ్చి ఇచ్చి పక్కనే కూర్చున్నాడు.

"మీరూ తాతా కలిసి సినిమాలో పనిచేశారంటండీ?"

"అవును నాయనా."

"తాత మిషను తిప్పేవారని తెలుసండి. మీరేం చేసేవారు?"

"మాట్లాడేవాణ్ణి."

"సినిమాలో మాట్లాడ్డానికి బయటి మనిషి ఎందుకండి?"

వచ్చేవాళ్ళు వస్తున్నారు, వెళ్ళేవాళ్ళు వెళుతున్నారు. ఆ సందట్లో జవాబు చెప్పడం కుదరలేదు. ఇంటికి వచ్చాక, ఆ అబ్బాయి వయసు వాళ్ళెవరికీ ఇది తెలియదు కదా అనిపించింది. అందుకని రాస్తున్నాను. పోయినాయన గురించి గొప్ప మాటలు రాస్తే ముందు నవ్వేది ఆయనే. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

పందొమ్మిది వందల ముప్ఫైల మొదట్లో మద్రాసు, బొంబాయిల్లో బొమ్మలు మాట్లాడటం మొదలుపెట్టాయి. ఆ సంగతి మా ప్రాంతపు డేరాల దాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఏలూరులో హాలుకి వెళ్ళి టాకీ చూసి వచ్చినవాళ్ళు ఉన్నా, పెదపాడు, గుండుగొలను, కైకలూరు లాంటి చోట్ల మేం డేరా వేసి మూగ బొమ్మలే ఆడించేవాళ్ళం. బొమ్మలు హాలీవుడ్‌వి. మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు పడేవి. చదివేవాళ్ళు డేరా మొత్తానికి నేనూ, పోస్టుమాస్టరు వస్తే ఆయనా. అందుకని తెర పక్కన రేకు బూరా పట్టుకుని నిలబడి, కథంతా తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. మగవాళ్ళకి మగ గొంతు, ఆడవాళ్ళకి ఆడ గొంతు, గుర్రానికి సకిలింపు, అన్నీ నేనే.

మా నాన్నగారు ఏలూరులో పురాణం చెప్పేవారు. నేను డేరాలో చేరానని తెలిసి కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తరవాత ఒకరోజు భోజనం దగ్గర అడిగారు.

"దొరల కథలో రాగం ఎక్కడ తీస్తావురా?"

"గుర్రం పరిగెత్తేటప్పుడండి."

"అక్కడ తీయకు. దాని పరుగు దాన్ని పరిగెత్తనీ. ఆగాక తీయి."

ఆ వృత్తిలో ఇంకొకరు నాకు నేర్పిన పాఠం అదొక్కటే. మిగిలిందంతా మిషను తిప్పే ఆయనా నేనూ కలిసి తప్పులు చేస్తూ నేర్చుకున్నదే.

ఆయనది తివాచీలు నేసే కుటుంబం. చిన్నప్పటి నుంచి మగ్గం దగ్గర కూర్చున్న చేతులు. ఆ మిషనుకి అప్పట్లో మోటారు లేదు, పిడి పట్టుకుని తిప్పాలి. ఆయన తిప్పితే బొమ్మ ఎక్కడా తడబడేది కాదు. అంతకంటే ముఖ్యం, తిప్పేటప్పుడు ఆయన చెవి నా మాట మీద ఉండేది. నాకు చెప్పాల్సింది ఎక్కువుంటే నెమ్మదిగా తిప్పేవారు. గొంతు బొంగురు పోయిన రోజున చకచకా తిప్పేసి నన్ను ఇంటికి పంపేవారు. కొల్లేటి జనం చూసిన హాలీవుడ్ గుర్రాలు ఒక్కొక్క రోజు ఒక్కొక్క వేగంతో పరిగెత్తడానికి కారణం అదీ.

"పంతులుగారూ, ఇవాళ ఆ గుర్రం నీళ్ళలో నడిచినట్టు నడిచిందండి. మీరు కాస్త క్లుప్తంగా చెబితే దాని కాళ్ళు ఊరుకుంటాయి" అనేవారు.

"మీరు కొంచెం ఆగి తిప్పండి సాయిబుగారూ, ఆవిడ ఏడుస్తోంది."

"ఆవిడ ఏడుపు ఎప్పుడో అయిపోయిందండి. ఇంకా ఏడుస్తున్నది మీరే."

పెదపాడులో ఒకసారి రీళ్ళు తారుమారయ్యాయి. పెళ్ళి ముందు వచ్చింది, పిల్లని మొదటిసారి చూడటం తరవాత వచ్చింది. నేను బూరా ఎత్తి, "పెళ్ళయిన తరవాత ఆయన ఆ పాత రోజులు గుర్తు చేసుకుంటున్నారండీ" అన్నాను. అంతటితో సర్దుకుంది. కానీ ఆ తరవాతి రీలులో పిల్ల తండ్రి పెళ్ళికి ససేమిరా అన్నాడు. "ఈయన దేనికండీ గుర్తు చేసుకోవడం, మర్చిపోవాలి గానీ" అని నేలమీద కూర్చున్నవాళ్ళలో ఎవరో అన్నారు. డేరా అంతా నవ్వింది. మిషను దగ్గర సాయిబుగారు నవ్వుతుంటే తెర మీద బొమ్మ కూడా ఊగింది.

మా డేరాకి అన్నం పెట్టింది ఒక నటుడు. హాలీవుడ్‌లో ఆయనకి పెద్ద పేరే ఉంది. మా జనం నాలుకకి అది తిరగలేదు. గుర్రం లేకుండా కనిపించడు కాబట్టి గుర్రాలాయన అన్నారు. ఆరడుగుల పైన మనిషి, వెడల్పు భుజాలు, ఎంత దెబ్బ తిన్నా చెదరని క్రాపు.

రీళ్ళ పెట్టెతో పాటు బొమ్మ గురించి ఇంగ్లీషు కాగితాలు వచ్చేవి. ఏలూరు స్టేషనులో పత్రికలు అమ్మే ఆయన చిరిగిన సినిమా పత్రికలు నాకు ఊరికే ఇచ్చేవాడు. వాటిలోంచి ఆయన జీవితం నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. తండ్రి గుర్రాలకి నాడాలు కొట్టేవాడు. కొడుకు మాట వినని గుర్రాల్ని లొంగదీయడం నేర్చుకున్నాడు. హాలీవుడ్ చేరింది హీరో అవుదామని కాదు, హీరోల బదులు గుర్రాల మీంచి పడటానికి. భుజం ఎముక విరిగి, కట్టు కట్టుకుని కూర్చుని ఉంటే ఒక డైరెక్టరు ఆ మొహం చూశాడట. అక్కడి నుంచి పైకి వెళ్ళాడు. పెద్ద ఇల్లు, ఇంట్లోనే ఈతకి కొలను, రోజూ బస్తాలకొద్దీ ఉత్తరాలు. బొమ్మ మొదలుపెట్టే ముందు ఇదంతా నేను జనానికి చెప్పేవాణ్ణి. ఇంట్లో కొలను ఉందంటే కొల్లేటి వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. "చేపలున్నాయంటండీ అందులో?" అని అడిగేవాళ్ళు. లేవంటే, మరి దేనికన్నట్టు చూసేవాళ్ళు.

ఆయన గొంతు మాత్రం నాది. అది ఎలా ఉంటుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని అప్పటికి అనిపించలేదు. ఆ భుజాలకి తగ్గట్టు గంభీరమైన గొంతు పెట్టాను. మా ప్రాంతపు మర్యాద కూడా పెట్టాను. విలను మీద కత్తి దూసేటప్పుడు కూడా మా గుర్రాలాయన, "ఏవండీ, మీరు చేసింది ఏం బాగాలేదండి. కత్తి తీయండి" అనేవాడు. విలను నువ్వు అన్నా ఈయన మీరు అనే అనేవాడు. జనానికి అది ఎంత నచ్చిందో చెప్పలేను. తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు గుమాస్తా తన కొడుకుని తీసుకొచ్చి, "చూశావా, ఎంత కోపంలో ఉన్నా అండీ అనడం మానలేదు" అని చూపించేవాడు.

కైకలూరులో డేరా వేస్తే అందరికంటే ముందు వచ్చేది ఒక ముసలావిడ. కొల్లేటి మధ్య ఒక లంక ఊరు ఆవిడది. ఎండుచేపలు తెచ్చి సంతలో అమ్మి, ఖాళీ గంప పక్కన పెట్టుకుని, నేల మీద ముందు వరసలో కూర్చునేది. మేమంతా మామ్మా అని పిలిచేవాళ్ళం. గుర్రాలాయన దెబ్బలు తింటుంటే నన్ను తిట్టేది. "నువ్వేం చేస్తున్నావయ్యా అక్కడ నించుని, చెప్పకూడదూ వెనకాల ఉన్నారని?"

రోజులు అలా వెళుతుండగా హాలీవుడ్‌లో గుర్రాలాయన పని అయిపోయింది. పత్రికల్లోనే చదివాను. టాకీలు వచ్చాక ఆయన గొంతు పరీక్ష చేశారట. ఆ పెద్ద శరీరంలోంచి సన్నటి గొంతు, ముక్కుతో మాట్లాడినట్టు. స్టూడియోలో వింటున్నవాళ్ళు నవ్వారట. ఒప్పందం రద్దయింది, ఇల్లు అమ్ముకున్నాడు, కొన్నాళ్ళు సర్కసులో గుర్రాలు తిప్పాడు. ఈ సంగతులు నేను జనానికి చెప్పలేదు. వాళ్ళకింకా ఆయన పాత బొమ్మలు వస్తూనే ఉన్నాయి. హాలీవుడ్‌లో ఖాళీగా కూర్చున్న మనిషి గుండుగొలనులో రోజూ సాయంత్రం కొండ మీంచి దూకుతూనే ఉన్నాడు.

మా యజమాని తాడేపల్లిగూడెం ఆయన. పెద్దమనిషి, మృదువుగా మాట్లాడేవారు. ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచి కాఫీ ఇప్పించారు. ఆయన కాఫీ ఇప్పించారంటే ఏదో ఉందన్నమాట.

"పంతులుగారూ, మాట్లాడే మిషను కొన్నానండి."

"మంచిదండి."

"మొదటి బొమ్మ మన గుర్రాలాయనదే. మళ్ళీ వేషాలు వేస్తున్నాడంట. ముందు కైకలూరులో వేద్దామండి, అక్కడ ఆయనంటే పడి చస్తారు."

"మంచిదండి."

"మరి మీకు అక్కడ... ఏమనుకోకండి. ఆయనే మాట్లాడుకుంటాడు కదండీ."

ఏమనుకోనని చెప్పాను. ఇంట్లో నా జీతమే ఆధారం. నాన్నగారి పురాణానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయి చాలా కాలమైంది. ఇంకో పని నాకు చేతకాదు. కానీ అంత మర్యాదగా చెప్పే మనిషి ముందు ఏమనుకోవడానికీ వీలుండదు.

ఆ బొమ్మ కాగితాలు వచ్చాక చదివాను. గుర్రాలాయన అందులో హీరో కాదు. గుర్రపుసాలలో ముసలి పనివాడు. ఇన్నేళ్ళు ఒక టీచరు దగ్గర మాట నేర్చుకున్నాడనీ, ఈ చిన్న వేషం కోసం చాలామందిని అడిగాడనీ ఉంది. ఇది కుదరకపోతే ఇక వేషాలు ఇచ్చేవాళ్ళు లేరని కూడా ఎవరో రాశారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఏలూరు నుంచి సామాను పడవలో వేసుకుని కొల్లేటి మీదుగా వెళ్ళాం. సామాను దించేదాకా తోడు ఉండమంటే నేనూ ఆఖరిసారి వెళ్ళాను. కొత్త మిషనుకి మోటారు ఉంది, ఆయిల్ ఇంజను ఉంది, తెర వెనక పెట్టడానికి పెద్ద కొమ్ములాంటి లౌడు స్పీకరు ఉంది. సాయిబుగారు ఏలూరులోనే దాన్ని నేర్చుకున్నారు. పడవలో దాని పక్కనే కూర్చున్నారు గానీ, సంతోషంగా లేరు.

"తిప్పేది లేదండి. దాని వేగం దానిదే. ఒక్క క్షణం నెమ్మది చేస్తే ఆడగొంతు మగగొంతు అయిపోతుంది."

"మంచిదే కదండీ, మీ చేతికి విశ్రాంతి."

"చెవికి కూడానండి. ఇక ఎవరి మాటా వినక్కర్లేదు" అని నీళ్ళవైపు చూశారు. అది ఆయన నాతో అన్న ఒకే ఒక్క దుఃఖపు మాట. వెంటనే, "మీరు ఎంత వాగినా గుర్రం ఆగదండి ఇక" అని నవ్వారు.

కైకలూరులో బండి కట్టి డప్పు వేయించి కరపత్రాలు పంచారు. "గుర్రాలాయన స్వయంగా మాట్లాడును" అని పెద్ద అక్షరాలు. ఆ సాయంత్రం జనం ముందెప్పుడూ చూడనంత వచ్చారు. లంకల నుంచి పడవల మీద పడవలు. మామ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. నేను మర్నాడు పొద్దున్న రైలుబండికి ఏలూరు వెళ్ళిపోవాలి. చేసే పనేమీ లేదు. డేరా బయట ఒక ఖాళీ పెట్టె మీద కూర్చున్నాను.

బొమ్మ మొదలైంది. చాలాసేపు ఎవరెవరో కుర్రవాళ్ళు మాట్లాడుకున్నారు. ఇంగ్లీషు. జనానికి అర్థం కాకపోయినా బొమ్మ మాట్లాడుతోందన్న ఆశ్చర్యంతో ఓర్చుకున్నారు. అప్పుడు గుర్రాలాయన వచ్చాడు. చేతిలో లాంతరు, నెరిసిన జుట్టు, కొంచెం వంగిన నడుము. డేరా అంతా ఈలలు. ఆయన నోరు తెరిచాడు.

ఈలలు ఆగిపోయాయి. ఎవరో నవ్వారు. ఆ నవ్వు కూడా సగంలో ఆగింది.

"సాయిబుగారూ, మిషను చెడిపోయిందండి" అని ఒకాయన లేచి చెప్పాడు.

"చెడిపోలేదండి, అదే గొంతు" అని లోపల నుంచి జవాబు.

"మాకు తెలీదేంటండీ ఆయన గొంతు? ఇన్నేళ్ళ నుంచి వింటున్నాం."

"ఇదెవరో వేరే మనిషండి. మొహం అతికించారు."

మామ్మ గొంతు అన్నిటికంటే పైన వినిపించింది. "ఇంతసేపు మాట్లాడాడు, ఒక్క అండీ అన్నాడా? ఎంత మర్యాదస్తుడు. ఇలా అయిపోయాడేంటి?"

నేల మీద ఉన్నవాళ్ళు నిలబడ్డారు. బెంచీల వాళ్ళు కనబడటం లేదని అరిచారు. పంతులుగారేరి, పంతులుగారేరి అని మొదలైంది. యజమాని పరిగెత్తుకుంటూ డేరా బయటికి వచ్చారు. ఆయన పరిగెత్తడం నేను అదే మొదటిసారి చూడటం.

"లేవండి పంతులుగారూ. బూరా ఎక్కడుంది?"

"ఆయన మాట్లాడుతున్నాడు కదండీ."

"ఆయన మాట్లాడితే నా డేరా పీకేసేలా ఉన్నారండి. సాయిబుగారికి చెప్పి గొంతు తగ్గించేస్తాను, మీరు అందుకోండి. మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఎన్ని టాకీలు వచ్చినా మీరే. నా మాట."

బూరా దొరికింది. తెర పక్కన నా పాత చోట నిలబడ్డాను. వెనక లౌడు స్పీకరు మూగబోయింది. "ఏవండీ, అందరూ బాగున్నారాండీ? ఒంట్లో నలతగా ఉండి ఇందాక గొంతు రాలేదండి" అని గుర్రాలాయన చేత అనిపించాను. డేరా అంతా హమ్మయ్య అంది. మామ్మ కూర్చుని గంప సర్దుకుంది.

తరవాత జరిగినదానికి ఇప్పటికీ నవ్వొస్తుంది. మిషను నాకోసం ఆగదు. నేను ఒక అండీ అనేలోపు ఆయన రెండు వాక్యాలు పూర్తిచేసేవాడు. ఆయన తలుపు వేసుకుని వెళ్ళిపోయాక కూడా ఖాళీ గదిలోంచి "వెళ్ళొస్తానండీ, జాగ్రత్తండీ" అని ఆయన గొంతు వస్తూనే ఉండేది. ఒకసారి ఆయన మాట నేను ముగించేటప్పటికి తెర మీద ఒక ఆడమనిషి నోరు కదుపుతోంది. జనం పట్టించుకోలేదు. వాళ్ళ మనిషి వాళ్ళకి దొరికాడు.

రీలు మార్చడానికి ఆపినప్పుడు యజమాని వచ్చి నా భుజం తట్టి వెళ్ళారు. నేను మంచినీళ్ళ కోసం మిషను దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఆపరేటరు వినడానికి చిన్న స్పీకరు ఒకటి ఉంది. జనానికి వినబడకపోయినా, బొమ్మ నడిచినంతసేపూ ఆయనకి వినబడుతూనే ఉంది.

"ఉద్యోగం నిలబడిందటండీ" అన్నారు సాయిబుగారు, రీలు ఎక్కిస్తూ.

"నిలబడిందండి."

"సంతోషమండి." రీలు బిగించి, "ఆయన బాగా మాట్లాడుతున్నాడండి" అన్నారు.

"మీకేం అర్థమైందండి?"

"ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. తొందరపడటం లేదండి, అంతే. ఎవరో నేర్పినట్టున్నారు. ఒక మాట అని, ఆగి, ఇంకో మాట అంటున్నాడు. మీకూ నాకూ కుదిరేది చూడండి, అలా."

నేను నీళ్ళు తాగి తిరిగి తెర దగ్గరికి వెళ్ళాను.

తరవాతి రీలులో కథ మలుపు తిరిగే చోటు వచ్చింది. గుర్రం మీంచి పడి భయపడిపోయిన కుర్రవాడొకడు ఇక గుర్రం ఎక్కనంటాడు. సాలలో గడ్డి మీద కూర్చుంటాడు. గుర్రాలాయన వచ్చి వాడి పక్కన కూర్చుని మాట్లాడతాడు. నేను బూరా ఎత్తి, "చూడు బాబూ" అని మొదలుపెట్టాను. ఆయన పెదవులు చాలా నెమ్మదిగా కదులుతున్నాయి. ఒక మాట, ఆగడం, ఇంకో మాట. ఆ ఆగిన చోట్లన్నిటినీ నేను నింపేస్తున్నాను.

జేబులో కాగితం గుర్తొచ్చింది. స్టూడియోలో నలుగురు నవ్వినందుకు ఆ మనిషి అన్నీ పోగొట్టుకున్నాడు. ముసలితనంలో కూర్చుని మాట నేర్చుకుని, ఊరంతా తిరిగి అడుక్కుని, మళ్ళీ ఒక్కసారి నోరు తెరిచే అవకాశం తెచ్చుకున్నాడు. అది కాస్తా కైకలూరు దాకా వస్తే, నా జీతం కోసం నేను ఆయన నోరు మూసేస్తున్నాను. హాలీవుడ్‌లో నవ్వినవాళ్ళయినా ముందు విన్నారు.

అప్పుడు నేను పెద్దగా ఆలోచించానని చెప్పను. ఆలోచిస్తే ఇల్లు గుర్తొచ్చేది. బూరా దించి, మిషను వైపు చెయ్యి ఎత్తాను. గొంతు పెంచమని.

సాయిబుగారు వెంటనే పెంచలేదు. అంత దూరం నుంచి కూడా ఆయన నావైపు చూస్తున్నారని తెలిసింది. మళ్ళీ ఎత్తాను. అప్పుడు ఆ సన్నటి గొంతు డేరాలోకి వచ్చింది.

జనం కదిలారు. నేను బూరా లేకుండానే గట్టిగా చెప్పాను.

"ఏవండీ, ఒక్క మాటండి. ఇది ఆయన సొంత గొంతేనండి. ఇన్నాళ్ళూ మీరు విన్నది నాది. ఆయన పెద్దవాడయ్యాడు. చాలా కష్టపడి మళ్ళీ వచ్చాడు. ఈ కాస్తా వినండి. నచ్చకపోతే మళ్ళీ నేనే అందుకుంటాను."

ఒక క్షణం ఏమవుతుందో తెలియలేదు. యజమాని కుర్చీల దగ్గర లేచి నిలబడ్డారు. అప్పుడు నేల మీంచి ఎవరో అన్నారు, "పెద్దాయన మాట్లాడుతున్నారంట. ఊరుకోండి." ఆ మాట వెనక్కి వెళ్ళింది. పెద్దాయనంట, పెద్దాయనంట. మా ప్రాంతంలో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోరు. అర్థమైనా కాకపోయినా విని తీరాలి. వెనక బెంచీల మీద పొగ తాగుతున్న ఇద్దరు చుట్టలు ఆర్పేశారు.

ఆయన మాట్లాడాడు. సన్నటి గొంతే. కొంచెం వణుకు ఉంది. ఆ కుర్రవాడి వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న గుర్రం వైపు చూస్తూ మాట్లాడాడు. ఇంగ్లీషు చదవడం తప్ప వినడం అలవాటు లేని నాకు అందులో పది మాటలు కూడా అందలేదు. చివర్లో ఆయన వాడి వీపు మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు. డేరాలో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వయసు మీద పడితే గొంతు సన్నబడదేంటి" అంది మామ్మ పక్కవాళ్ళతో. "మా ఆయనకీ అంతే. పడవ మీద నుంచి కేకేస్తే అవతలి లంకలో వినబడేది. ఆఖర్న మంచం పక్కన కూర్చున్నా వినబడలేదు."

నన్ను మళ్ళీ అందుకోమని ఎవరూ అడగలేదు. బొమ్మ అయ్యేదాకా తెర పక్కన బూరా పట్టుకుని ఊరికే నిలబడ్డాను. మధ్యలో దిగిపోవడం బాగుండదని.

జనం వెళ్ళాక యజమాని వచ్చారు. ఆయనకి కోపం వచ్చింది, కోప్పడటం రాదు.

"మాట్లాడమన్నానండి మిమ్మల్ని."

"మాట్లాడానండి."

"ఆపమనలేదు కదండీ."

"లేదండి."

"మీరు లేకపోయినా వింటారని వాళ్ళకి మీరే చూపించేశారు. ఇప్పుడు నేను మాట నిలబెట్టుకోవాలన్నా దేనికని నిలబెట్టుకోను, మీరే చెప్పండి."

ఆయన అన్నది నిజం. సాయిబుగారు లౌడు స్పీకరుకి గుడ్డ కప్పుతూ, "కాఫీ ఇప్పించండి యజమానిగారూ, పద్ధతి ప్రకారం" అన్నారు. ముగ్గురం నవ్వాం. నవ్వాక యజమాని నిజంగానే కాఫీ తెప్పించారు.

ఆ తరవాత సంగతులు రెండు ముక్కల్లో అయిపోతాయి. తాడేపల్లిగూడెంలో బడిపంతులుగా చేరి రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. గుర్రాలాయన ఇంకొన్ని చిన్న వేషాలు వేశాడు. ఆయన పోయినప్పుడు పత్రికలో నాలుగు వరసలు వచ్చాయి. సాయిబుగారు ఏలూరు హాల్లో చూపు ఆనినంత కాలం పనిచేశారు. నా ఉద్యోగం పోవడానికి మిషను మీట తిప్పింది ఆయనే కాబట్టి, నేను ఏలూరు వెళ్ళినప్పుడల్లా భోజనం పెట్టడం తన బాధ్యత అనేవారు. ఇంటావిడకి చెప్పి నాకోసం వేరే గిన్నెల్లో కూర వండించేవారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా, మీరు చేసింది మంచి పని అని ఆయన నాతో అనలేదు. అనకపోవడం వల్లే నేను వెళుతూ ఉండేవాణ్ణి. ఇప్పుడు ఏలూరులో ఆ ఇల్లు ఉంది, నేను వెళ్ళడానికి కారణం లేదు.

ఆ మర్నాటి సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను.

పొద్దున్న బండికి నేను వెళ్ళలేదు. సాయంత్రం అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని డేరాలోకి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. అన్నేళ్ళూ తెర పక్కన నిలబడి చూసినవాణ్ణి, ఏ బొమ్మనీ ఎదురుగా కూర్చుని చూడలేదు. పక్క నుంచి చూస్తే మొహాలన్నీ సాగి కనిపిస్తాయి. ఎదురుగా చూస్తే గుర్రాలాయనది గుండ్రటి మొహం. కళ్ళ కింద ముడతలున్నాయి.

ముందు రోజు వచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ వచ్చారు. మామ్మ నా పక్కనే ఉంది. ఆయన గడ్డి మీద కుర్రవాడి పక్కన కూర్చున్నాడు. ఈసారి జాగ్రత్తగా వినడం వల్ల నాకు ఒక వాక్యం పూర్తిగా అర్థమైంది. ఆ సంతోషం పట్టలేక మామ్మ వైపు వంగి, "అంటే ఏమంటున్నారంటే" అని మొదలుపెట్టాను.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"కాస్త ఊరుకో బాబూ. ఆయన్ని చెప్పనీ."